నీటి సారం వెంట: ఆస్ట్రేలియా తీరం మీదుగా

ఆస్ట్రేలియా పటం ముందేసుకుని కూర్చుంటే సముద్రానికి కొదవ లేని దేశం ఇదే అనిపిస్తుంది. చుట్టూ నీళ్లే. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానికి హక్కున్న జలాలు దాదాపు 82 లక్షల చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో ప్రపంచంలో మూడో స్థానం. మన దేశానికున్న జలాలు ఇందులో నాలుగో వంతు మాత్రమే. అయితే రేవుల్లో దిగే చేపను తూకం వేస్తే కథ తిరగబడుతుంది. మన మరపడవలూ తెప్పలూ కలిసి ఏటా 35 లక్షల టన్నుల వరకు ఒడ్డుకు చేరుస్తుంటే, ఆస్ట్రేలియా వేట మొత్తం రెండు లక్షల టన్నుల లోపే. అక్కడివాళ్లు తినే చేపలో సగానికి పైగా బయటి దేశాలదే. జనాభా తక్కువ, వేట మీద ఆంక్షలు ఎక్కువ, అందుకే పట్టుబడి తక్కువ అని చెప్పేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది, మొత్తం కారణం మాత్రం అది కాదు. ఎకరాలు లెక్కపెట్టి పంట చెప్పలేనట్టే చదరపు కిలోమీటర్లు లెక్కపెట్టి చేప చెప్పలేం. నేలకు సారం ఉన్నట్టే నీటికీ సారం ఉంటుంది. అది చోటును బట్టి మారుతుంది, ఏడాదిని బట్టి మారుతుంది. చేప ఎంత త్వరగా ఎదుగుతుంది, ఏ వయసుకు ఎంత పొడవుంటుంది, ఎన్ని పిల్లలు బతికి వలకు వస్తాయి అన్నవన్నీ ఆ సారం మీదే ఆధారపడతాయి. వేటకు పెట్టే హద్దులు కూడా దాన్నే అనుసరించాలి. ఆస్ట్రేలియా తీరం చుట్టూ ఉత్తరం నుంచి పడమర, దక్షిణం మీదుగా టాస్మానియా దాకా సాగే ప్రయాణం ఈ మాటకు సాక్ష్యాలు చూపిస్తుంది, దీని మీద వచ్చే అభ్యంతరాలను కూడా ఎదురుగా నిలబెడుతుంది.

పర్యాటకుల కోసం వేసిన రంగుల పుస్తకాల్లో ఆస్ట్రేలియా సముద్రం ఎప్పుడూ నీలంగా ఉంటుంది. అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేట నీరు. కంటికి ముచ్చటే కానీ చేపకు అది పస్తుల నీరు. నీటిలో కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు దండిగా ఉంటే నీరు పచ్చబారుతుంది, మసకబారుతుంది. వాటిని తినే జంతు ప్లవకాలు, వాటిని తినే కవళ్లు, కవళ్లను తినే పెద్ద చేపలు, అన్నిటికీ మొదటి ముద్ద ఆ పచ్చదనమే. ఆ పచ్చదనానికి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కావాలి. అవి ఎండ తగిలే పైపొరలో త్వరగా అయిపోతాయి, చీకటి లోతుల్లో పేరుకుని ఉంటాయి. వాటిని పైకి తెచ్చే దారి ఏదో ఒకటి ఉండాలి. గాలి అడుగునీటిని పైకి లాగాలి, లేదా నది నేల మీది సారాన్ని మోసుకురావాలి. ఆస్ట్రేలియా అతి పాత భూఖండం. దాని నేలలు వానలకు కోట్ల ఏళ్లుగా కడుక్కుపోయి పేదవైనవి. పొడి దేశం కాబట్టి పెద్ద నదులూ తక్కువే. ఉత్తరపు తీరం మాత్రం ఇందుకు మినహాయింపు.

క్వీన్స్‌లాండ్ వాయవ్య మూలలో కార్పెంటేరియా సింధుశాఖ ఒడ్డున, నార్మన్ నది సముద్రంలో కలిసే చోట కరుంబా అనే చిన్న ఊరుంది. నార్మంటన్ నుంచి 70 కిలోమీటర్లు. దారి పొడవునా గుట్ట అన్నది కనిపించని మైదానం, తెల్లగా పొడిబారిన ఉప్పు పర్రలు. నవంబరు, డిసెంబరులో వానలు మొదలైతే ఈ మైదానం మైళ్ల కొద్దీ మునిగిపోతుంది. ఎండి పగుళ్లిచ్చిన ఉప్పు నేల మీద నీరు నిలిచి నాచు పట్టి, ఆ సారమంతా వరదతో కలిసి లోతు తక్కువైన సింధుశాఖలోకి జారుతుంది. నది ముఖద్వారంలో పెరుగుతున్న బనానా రొయ్యల పిల్లలకు అది ఒక పిలుపు. ఉప్పదనం తగ్గగానే అవి నదిని విడిచి బయటి నీటిలోకి వెళ్లి అక్కడ ఎదుగుతాయి. ఏప్రిల్ ఒకటిన వేట తెరుచుకుంటుంది. పడవలకు దారి చూపడానికి పైన చిన్న విమానాలు తిరుగుతాయి. గుంపుగా చేరిన రొయ్యలు అడుగు బురదను కదిలిస్తే నీటి మీద గోధుమరంగు మరకలు లేస్తాయి, పైలట్ ఆ మరకను చూసి పడవకు కబురు పెడతాడు. వాన ఎంత పడిందో చూసి ఆ ఏడు ఎంత రొయ్య వస్తుందో చెప్పవచ్చని 1980ల్లోనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కరుంబా వైపు ఆ లెక్క బాగా కుదిరింది. అదే సింధుశాఖకు ఈశాన్యాన ఉన్న వైపా దగ్గర అంతగా కుదరలేదు. ఒకే రొయ్య, ఒకే సింధుశాఖ, ఒకే ప్రభుత్వం, అయినా నీటికి తిండి చేరే తీరు వేరు. ఈ తేడాయే మిగతా ప్రయాణమంతటికీ ముందుమాట.

ఇక్కడి బారమండి మన గోదావరి, కృష్ణా మడ అడవుల దగ్గర దొరికే పండుగప్పే. ఉప్పునీటిలో గుడ్లు పెట్టి, పిల్లగా నదిలోకి, వరద చెరువుల్లోకి ఎగబాకి, అక్కడ ఎదిగి తిరిగి సముద్రానికి దిగుతుంది. మగదిగా బతుకు మొదలుపెట్టి పెద్దదయ్యాక ఆడదవుతుంది. క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో రాక్‌హాంప్టన్ దగ్గర ఫిట్జ్‌రాయ్ నదిలో ఈ చేపలకు గుర్తుబిళ్లలు తగిలించి వదిలి, మళ్లీ దొరికినప్పుడు కొలిచి చూశారు. నదిలో మంచినీటి ప్రవాహం బాగా ఉన్న కాలంలో చేప వేగంగా పెరిగింది, ప్రవాహం లేని కాలంలో మందగించింది. వరద బాగా వచ్చిన ఏడాది పుట్టిన పిల్లల తరం కూడా బలంగా నిలిచింది. అంటే ఆనకట్ట దాటి వచ్చే నీరు చేపల సంఖ్యనూ నిర్ణయిస్తుంది, ఒక్కో చేప పొడవునూ నిర్ణయిస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపు పండుగప్పను, 120 సెంటీమీటర్లు దాటిన దాన్ని ఉంచుకోకూడదు. చిన్నదాన్ని ఎదగనివ్వాలని కింది హద్దు, గుడ్లు పెట్టే పెద్ద ఆడ చేపను కాపాడాలని పై హద్దు. అయితే కరువు ఏళ్లలో 58 సెంటీమీటర్లు అందుకోవడానికి చేపకు పట్టే కాలం వేరు, వరద ఏళ్లలో పట్టే కాలం వేరు. స్కేలు మీది గీత కదలదు, చేప మాత్రం నీటిని బట్టి నడుస్తుంది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన వాదన ఒకటి ఎదురవుతుంది. ఫ్లిండర్స్, గిల్బర్ట్, మిచెల్ నదుల నీరు వృథాగా సముద్రం పాలవుతోందని, దాన్ని ఆపి పత్తి, చెరకు, పశుగ్రాసం పండించాలని ఉత్తర ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి ఒక పక్షం అడుగుతోంది. గోదావరి వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలారో చదివిన ప్రతిసారీ మన నాలుక మీదికి వచ్చే మాట కూడా అదే. రాయలసీమలో బోరు ఎండిన రైతు ఆ మాట అంటే తప్పుపట్టలేం. ఆ బాధ నిజం, నీటి మీద ఆ రైతుకున్న హక్కు నిజం. కానీ వృథా అనే మాట లెక్కలో తప్పు. సముద్రంలోకి వెళ్లిన నీటికి ఆదాయం ఉంది, అది రైతు ఖాతాలో కాకుండా రొయ్య పడవ ఖాతాలో, పండుగప్ప పట్టే వలల ఖాతాలో పడుతోంది. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ ఈ నదుల మీద చేసిన అధ్యయనాల్లో ఎంత పొలం తడుస్తుంది అన్న ప్రశ్న పక్కనే దిగువన నదికీ తీరానికీ ఏమవుతుంది అన్న ప్రశ్ననూ పెట్టింది. నీటిని ఏ నెలలో తోడతారన్నది ఎంత తోడతారన్నదానితో సమానమైన ప్రశ్న. ఉధృతమైన వరదలో కొంత తీస్తే తట్టుకునే తీరం, వానాకాలపు మొదటి ప్రవాహాన్ని ఆపేస్తే తట్టుకోలేకపోవచ్చు. పంపకం తప్పనిసరైనప్పుడు పంపకంలో సముద్రానికి కూడా ఒక వాటాదారుగా చోటుండాలి.

ఉత్తరం నుంచి పశ్చిమ తీరానికి వస్తే నదులు మాయమవుతాయి. పెర్త్ నుంచి ఉత్తరంగా జెరాల్డ్‌టన్, కల్‌బారి, షార్క్ బే మీదుగా సాగే తీరం మండే ఎండ, ఎర్ర నేల. ఇలాంటి అక్షాంశాల్లో ఖండాల పడమటి ఒడ్డున ఉండే సముద్రాలే ప్రపంచంలో అతి సారవంతమైనవి. పెరూ, చిలీ ఒడ్డున హంబోల్ట్ ప్రవాహం, ఆఫ్రికా నైరుతి ఒడ్డున బెంగ్వేలా ప్రవాహం చల్లటి అడుగునీటిని పైకి తెస్తాయి. పెరూ ఒక్క ఆంకోవెటా చేపనే మంచి ఏడాదిలో 50 లక్షల టన్నులకు పైగా పట్టగలదు. పశ్చిమ ఆస్ట్రేలియాకు ఆ అదృష్టం దక్కకపోవడానికి కారణం లీవిన్ ప్రవాహం. పసిఫిక్ నుంచి ఇండోనేషియా దీవుల సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి జారే వెచ్చటి నీరు తీరం వెంట దక్షిణానికి, గాలికి ఎదురుగా ప్రవహిస్తుంది. పైన వెచ్చటి పొర కప్పేయడంతో అడుగునున్న చల్లటి నీరు పైకి రాలేదు. లా నినా ఏడాదిలో ఈ ప్రవాహం బలపడుతుంది, ఎల్ నినో ఏడాదిలో బలహీనపడుతుంది. దాని బలాన్ని ఫ్రీమాంటిల్ రేవులో సముద్ర మట్టాన్ని చూసి అంచనా వేస్తారు. అక్కడ 1897 నుంచి కొలతలున్నాయి. మనుషులు ఎంత తక్కువమంది ఉన్నా, చట్టాలు ఎంత కఠినంగా ఉన్నా, ఈ తీరం పెరూ కాలేదు. ప్రయాణం మొదట్లో ఎదురైన ఆంక్షల వాదనకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

అయినా ఇంత పేద నీటిలోనే ఆస్ట్రేలియాలో అతి విలువైన వేటల్లో ఒకటి నడుస్తోంది. పశ్చిమ రాక్ లాబ్‌స్టర్ ఈ ప్రవాహపు తీరుకు తగ్గట్టే తన జీవితాన్ని మలచుకుంది. గుడ్ల నుంచి వెలువడిన లార్వా ఆకులా పలచగా ఉండి, పైపొర నీటితో వందల కిలోమీటర్లు సముద్రంలోకి కొట్టుకుపోతుంది. తొమ్మిది నుంచి పదకొండు నెలలు అక్కడే తేలుతూ గడిపి, చివరికి అద్దంలా కనిపించే చిన్న లాబ్‌స్టర్‌గా మారి తీరం వైపు ఈదుతుంది. ఈ దశను ప్యూరులస్ అంటారు. అప్పుడది ఏమీ తినదు, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే ఈది ఒడ్డు చేరాలి. 1968 నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో ఈ పిల్లలను లెక్కిస్తున్నారు. పరికరం చాలా మామూలుది. పలకలకు ప్లాస్టిక్ పీచు కుచ్చులు కట్టి నాచు గుబురులా లోతు తక్కువ నీటిలో వేలాడదీస్తారు. చాంద్రమాసానికి ఒకసారి పైకి తీసి దులుపుతారు. పళ్లెంలో రాలిన పారదర్శకమైన పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఆ పిల్లలు పట్టదగ్గ పరిమాణానికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి, ఈ ఏటి పళ్లెంలోని లెక్క మూడు నాలుగేళ్ల తరవాతి పట్టుబడిని ముందే చెబుతుంది. చేపల వేటలో ఇంత ముందుచూపు దొరకడం ప్రపంచంలోనే అరుదు.

దశాబ్దాల పాటు ఒక సూత్రం నిలబడింది: లీవిన్ బలంగా ఉంటే పిల్లలు ఎక్కువ, బలహీనమైతే తక్కువ. 2008-09లో ఆ సూత్రం విరిగింది. ప్రవాహం బాగానే ఉంది, పిల్లలు మాత్రం దాదాపు రాలేదు. నీటి ఉష్ణోగ్రత పెరిగి గుడ్లు పెట్టే కాలం ముందుకు జరగడంతో లార్వాలకు తిండి దొరికే సమయం తప్పిపోయి ఉండవచ్చని తరవాత ఒక వివరణ వచ్చింది. సముద్రాన్ని చూసి వేటను నిర్ణయించడం జోస్యం చెప్పడమేనని, నమ్ముకున్న సంబంధాలు ఒకనాడు తెగిపోతాయని వాదించేవాళ్లకు ఇది మంచి ఉదాహరణ. కానీ తరవాత ఏం జరిగిందో కూడా చూడాలి. సూత్రం విరిగినా కుచ్చులు అబద్ధం చెప్పలేదు. పిల్లలు రాలేదన్న నిజం ముందే చేతికి అందింది. అప్పటికి పడవల్లో లాబ్‌స్టర్‌కు లోటు లేదు, బజారులో ధర ఉంది. ఆ సమయంలోనే వేటను గట్టిగా కుదించారు. అంతకుముందు ఏటా పది పదకొండు వేల టన్నులు పట్టిన చోట 5,500 టన్నులకు హద్దు పెట్టారు. 2010 నుంచి పడవ పడవకూ విడిగా కోటా ఇచ్చారు. లోటు వచ్చాక కాకుండా లోటు రాబోతోందని తెలిసినప్పుడే తగ్గించారు కాబట్టి గుడ్లు పెట్టే నిల్వ దెబ్బతినకపోగా పెరిగింది. కోటా కొనుక్కోగలిగినవాళ్ల చేతుల్లోకి వేట చేరింది, పడవల సంఖ్య తగ్గింది, ఆ నష్టం తీరపు ఊళ్లు భరించాయి. దాన్ని చిన్నది చేసి చెప్పకూడదు. ఆ నష్టాన్ని ఎలా పంచుకోవాలన్నది రాజకీయం తేల్చాల్సిన విషయం. తగ్గించాలా వద్దా అన్నది మాత్రం ఆ పళ్లెంలోని పిల్లలే తేల్చేశాయి.

2011 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇదే తీరంలో సముద్రం జ్వరపడింది. బలమైన లా నినా వల్ల లీవిన్ పొంగి, కొన్నిచోట్ల నీటి ఉష్ణోగ్రత మామూలు కంటే మూడు నాలుగు డిగ్రీలు, కొన్ని రోజుల్లో ఇంకా ఎక్కువ పెరిగింది. కల్‌బారి ప్రాంతంలో రాళ్లకు అతుక్కుని బతికే రోస్ అబలోన్ నత్తలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కెల్ప్ నాచు అడవులు దాదాపు వంద కిలోమీటర్ల మేర మాయమయ్యాయి. షార్క్ బేలో సముద్రపు గడ్డి చచ్చింది, స్కాలప్, నీలి పీతల వేట మూతపడింది. ఈ నష్టాల్లో వల వేసినవాడి తప్పు ఏమీ లేదు. కానీ వేట ఆపకపోతే మిగిలిన కొద్దిపాటి నిల్వ కూడా పోయేది. నీరు చేసిన గాయానికి వేటగాడే మందు కావలసి రావడం అన్యాయంగా తోచవచ్చు. ఇలాంటప్పుడు మన చేతిలో ఉన్న మీట వేట ఒక్కటే అన్నది దానికి జవాబు. సముద్రపు వేడిని ఆపలేం, ప్రవాహాన్ని మళ్లించలేం, ఎంత పట్టాలో మాత్రం నిర్ణయించుకోగలం.

దక్షిణ తీరానికి చేరితే నీటి రంగు మారుతుంది. అడిలైడ్ నుంచి ఆగ్నేయంగా కింగ్‌స్టన్ ఊళ్లో రోడ్డు పక్కన 17 మీటర్ల ఎత్తు లాబ్‌స్టర్ బొమ్మ నిలబడి ఉంటుంది. 1979లో కట్టారు, లారీ అని ముద్దుపేరు. అక్కడి నుంచి రోబ్, బీచ్‌పోర్ట్, పోర్ట్ మెక్‌డొనెల్ దాకా రేవులన్నీ ఆ జంతువు మీదే బతుకుతున్నాయి. వేసవి నెలల్లో ఆగ్నేయ గాలి తీరం వెంట వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల దక్షిణార్ధగోళంలో పైనీరు గాలికి ఎడమవైపు, అంటే సముద్రంలోకి జరుగుతుంది. ఖాళీ అయిన చోటులోకి అడుగు నుంచి చల్లటి నీరు ఉబుకుతుంది. దీన్నే బానీ అప్‌వెల్లింగ్ అంటారు. ఒడ్డున ఎండ కాస్తుంటే నీటిలో చెయ్యి పెట్టినవాడు వణికిపోతాడు. ఆ చల్లదనంలోనే క్రిల్ దండిగా పుడుతుంది, దాని కోసం నీలి తిమింగలాలు నవంబరు నుంచి ఏప్రిల్, మే దాకా ఇక్కడ మేస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం తన లాబ్‌స్టర్ తీరాన్ని ముర్రే నది ముఖం దగ్గర రెండుగా విడదీసింది. దక్షిణ మండలంలో పెంకు పొడవు 98.5 మిల్లీమీటర్లు దాటితే పట్టవచ్చు, ఉత్తర మండలంలో 105 దాటాలి. ఎదుగుదల వేగం, గుడ్లు పెట్టే పరిమాణం రెండుచోట్లా ఒకటి కావు కాబట్టి కొలబద్ద కూడా ఒకటి కాదు. ఆరున్నర మిల్లీమీటర్ల తేడా చూడడానికి స్వల్పం, కానీ తీరం మీద ఒక గీత గీసి ఇటువైపు నీరు వేరు, అటువైపు నీరు వేరు అని చట్టం ఒప్పుకోవడం చాలా పెద్ద విషయం.

అలా ఒప్పుకోకపోతే ఏమవుతుందో టాస్మానియా చూపిస్తుంది. అక్కడ దీవి చుట్టూ ఇదే జాతి లాబ్‌స్టర్‌కు చాలాకాలం ఒకే కొలత: ఆడవాటికి 105, మగవాటికి 110 మిల్లీమీటర్లు. ఉత్తరాన నీరు వెచ్చన, తిండి బాగు, ఎదుగుదల వేగం. గుడ్లు సరిగా పెట్టకముందే అక్కడి ఆడ లాబ్‌స్టర్లు ఆ కొలత దాటేసి బోనుల్లో పడేవి. నైరుతి మూలన లోతు నీటిలో చల్లదనం, కిక్కిరిసిన గుంపులు, నెమ్మది ఎదుగుదల. అక్కడ ఆడ లాబ్‌స్టర్ జీవితమంతా గడిపినా 105 అందుకోకపోవచ్చు. ఒకే నియమం ఒకచోట రక్షణ ఇవ్వదు, మరొకచోట నిల్వనంతా వాడుకలోకి రాకుండా బిగించేస్తుంది. టాస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నైరుతి లోతుల్లోని పాలిపోయిన లాబ్‌స్టర్లను పట్టి, ఎదుగుదల బాగున్న ఒడ్డు దగ్గరి రాళ్లలో వదిలారు. పెంకు విడిచి కొత్త పెంకు తొడుక్కునే సరికి పాలిపోయినవి ఎర్రబడ్డాయి, ఎదుగుదల అక్కడి స్థానిక లాబ్‌స్టర్ల స్థాయికి అందుకుంది. ప్రయోగంగా మొదలైన ఈ పని తరవాత వేట నిర్వహణలో భాగమైంది. జాతి ఒకటే, రక్తం ఒకటే, మారింది నీరూ తిండీ మాత్రమే. ఎదుగుదల చేప సొత్తు కాదు, చేపకూ చోటుకూ మధ్య కుదిరే ఒప్పందం అని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకదు.

ఆ ఒప్పందపు చరిత్ర చేప తలలోనే రాసి ఉంటుంది. చెవి లోపలి చిన్న సున్నపు రాయిని పలచటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఏటికొకటి చొప్పున వలయాలు కనిపిస్తాయి. బాగా తిన్న ఏడు వలయం వెడల్పు, పస్తున్న ఏడు ఇరుకు. టాస్మాన్ సముద్రంలో దశాబ్దాల పాటు బతికే బాండెడ్ మార్వాంగ్ అనే చేప రాళ్లను ఇలా చదివి, 2011లో ఒక విషయం బయటపెట్టారు. నీరు వెచ్చబడుతున్న కొద్దీ చల్లటి దక్షిణాన ఆ చేప ఎదుగుదల పెరిగింది, ఆ జాతి విస్తరించిన ప్రాంతపు ఉత్తరపు అంచున, న్యూజిలాండ్ వైపు, అప్పటికే వెచ్చగా ఉన్న చోట తగ్గింది. అదే వేడి ఒకచోట వరం, ఇంకోచోట భారం. ఆగ్నేయ ఆస్ట్రేలియా సముద్రం ప్రపంచ సగటు కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. మారియా దీవి దగ్గర 1944 నుంచి రాసిపెట్టిన ఉష్ణోగ్రతలు ఆ మాటకు ఆధారం. నలభై ఏళ్ల కిందటి ఎదుగుదల పట్టికతో ఇవాళ్టి కోటా రాస్తే, రాసినవాడు ఇప్పుడు లేని ఒక సముద్రానికి చట్టం చేస్తున్నట్టు లెక్క.

ఇక అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నీటి సారం మారింది, అందుకే చేప తగ్గింది అనడం అతిగా పట్టినవాళ్లకు తప్పించుకునే దారి కాదా? ఈ అనుమానం న్యాయమైనది, దీనికి ఆస్ట్రేలియాలోనే ఆధారాలున్నాయి. తూర్పు తీరపు జెమ్‌ఫిష్‌ను 1970ల చివర్లో ఏటా వేల టన్నులు పట్టారు. శీతకాలంలో గుడ్లు పెట్టడానికి గుంపుగా కదిలే చేపనే గురిపెట్టారు. 1980ల చివరికి నిల్వ కూలిపోయింది, తొంభైల ఆరంభంలో దాని మీద ప్రత్యేక వేట ఆపారు. మూడు దశాబ్దాలు దాటినా అది కోలుకోలేదు. పడమటి గాలుల తీరుకూ ఈ చేప పిల్లల బతుకుకూ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు. నిజమే కావచ్చు. కానీ గాలి అనుకూలించని కాలంలో వేట ఉధృతంగా సాగడమే దాన్ని లేవలేని చోటికి నెట్టింది. జాకాస్ మార్వాంగ్ విషయం ఇంకా లోతైన పాఠం. 1988 తరవాత ఈ చేప పిల్లలు తక్కువగానే వస్తున్నాయని, సముద్రమే మారిందని 2011 ప్రాంతంలో అంచనాల్లో ఒప్పుకున్నారు. దాంతో నిల్వ ఇంత ఉండాలి అన్న పాత గీత కిందికి జరిగింది. గీత జరిగితే అదే నిల్వ కాగితం మీద ఆరోగ్యంగా కనిపిస్తుంది. పదేళ్ల తరవాతి లెక్కల్లో తూర్పు నిల్వ, వేట లేని కాలపు నిల్వలో 20 శాతం అనే కనీస హద్దు కంటే దిగువకు జారినట్టు తేలింది. కాబట్టి నీటి సారాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న వాదనకు ఒక షరతు ఉండాలి. సారం తగ్గిందని తెలిస్తే మొదట తగ్గాల్సింది పట్టే చేప, కాపాడవలసిన హద్దు కాదు. సారం పెరిగిందని తెలిస్తే వేట నెమ్మదిగా పెరగాలి, సారం తగ్గితే వెంటనే తగ్గాలి. ఈ రెండు దిక్కులను ఒకేలా చూసినవాళ్లు సముద్రం పేరు చెప్పి సముద్రాన్నే ఖాళీ చేస్తారు.

ఇదంతా డబ్బున్న దేశపు ముచ్చట, మన తీరంలో కుదరదు అని కొట్టిపారేయడం తేలిక. కానీ ప్లాస్టిక్ కుచ్చులకు కోట్లు అక్కర్లేదు. నీటి సంగతి చదివే తెలివి మన దగ్గర కొత్తదీ కాదు. 1950ల్లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ తూర్పు తీరంలో అడుగునీరు ఏ కాలంలో పైకి వస్తుందో, ఏ కాలంలో దిగుతుందో గుర్తించాడు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికైన మూతలా పరుచుకుని లోతు పోషకాలను పైకి రానీయదు, అందుకే అరేబియా సముద్రమంత సారం దీనికి లేదు. అదే నది ముఖద్వారాల దగ్గర మాత్రం ఒండ్రుతో తీరాన్ని పోషిస్తుంది. ఒకే నది లోపలి సముద్రానికి మూత, ఒడ్డుకు తిండి. విశాఖ నీరు, కాకినాడ నీరు, నిజాంపట్నం నీరు ఒకటి కావు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహం నుంచి నీటి రంగు, వేడి చూసి చేప ఎక్కడ దొరకవచ్చో రేవులకు రోజూ కబురు పంపుతోంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా రేవుల్లో పట్టుబడిని నమోదు చేస్తోంది. ఒకరి దగ్గర నీటి పటం ఉంది, ఇంకొకరి దగ్గర చేప కొలత ఉంది. ఇప్పటిదాకా ఆ పటం ఎక్కడ పట్టాలో చెప్పడానికే ఎక్కువగా పనికొచ్చింది, ఎంతలో ఆపాలో చెప్పడానికి పెద్దగా పనికిరాలేదు.

మన వేట నిషేధం ఇప్పటికే ఒక తేడాను ఒప్పుకుంది. తూర్పు తీరానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 దాకా, చెరి 61 రోజులు. కానీ పశ్చిమ బెంగాల్ మడుగుల నుంచి తమిళనాడు మన్నార్ సింధుశాఖ దాకా తూర్పు తీరమంతా ఒకే తేదీలు. కానాగంత, వంజరం, చందువా, కవళ్లు ఈ పొడవునా ఒకే వారంలో గుడ్లు పెట్టవు, ఒకే వేగంతో ఎదగవు. తేదీలు మార్చడం కష్టమే. పక్క రాష్ట్రపు మరపడవలు మన నీళ్లలోకి వస్తాయన్న భయం, కాపలా ఖర్చు, నిషేధ కాలపు భృతి అన్నీ ఆ తేదీలకే ముడిపడి ఉన్నాయి. అందుకే మొదలుపెట్టాల్సింది తేదీలతో కాదు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో నాలుగు చేపలను ఎంచుకుని, వాటి పొడవు, వయసు, గుడ్ల దశను ఏడాది పొడవునా నెలనెలా కొలవాలి. ఆ అంకెలను అదే నెల ఇన్‌కాయిస్ పటంలోని నీటి రంగు పక్కన, ధవళేశ్వరం, ప్రకాశం బరాజ్‌ల నుంచి దిగువకు వదిలిన నీటి లెక్క పక్కన పెట్టి, ప్రతి రేవు నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. పదేళ్లు అలా చేస్తే కనీస వల కన్ను ఎక్కడ ఎంత ఉండాలో, నిషేధం ఎక్కడ ముందు రావాలో అడగడానికి మత్స్యకార సంఘాల చేతుల్లోనే ఆధారం ఉంటుంది.